ట్యాంకు కింద గుండిగ

మా మామ ఆదెయ్యంత మొండిమనిషి చిల్లకూరు మండలం మొత్తం వెతికినా దొరకడు. వాన పడుతుంటే గొడుగు పట్టుకోమన్నా, దేవుడిచ్చిన వానే గదమ్మా అని తడుస్తూ నడిచే రకం. కాపురానికొచ్చిన ఇన్నేళ్లలో ఆయనతో నేను పోట్లాడని ఆదివారం లేదు. గుడ్డలు తొడుక్కుని చర్చికి బయల్దేరే లోపల ఏదో ఒకటి అయ్యేది. అలాంటి మనిషి పోయిన ఎండాకాలం ఒక సాయంత్రం తన మొండితనం వదిలేశాడు. ఆ సాయంత్రం రాకపోయుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

మాది మొగలిదిబ్బ. పడమట ఊరు, తూర్పున మా పల్లె, పల్లె దాటితే సరుగుడు తోపులు, ఆ వెనక సముద్రం. ఊళ్లో వాళ్లవి మాగాణులు. మావి ఒకప్పుడు ప్రభుత్వం పట్టాలిచ్చిన ఇసక చేలు. ఆ ఇసకలో వేరుశెనగ పండించి మా మామ నా మొగుడు తిమోతిని పెంచాడు. ఈ రెండు రకాల భూమీ కలిపి ఏదో పెద్ద ఫ్యాక్టరీకి ఇస్తున్నట్టు చలికాలం చివర కబురొచ్చింది. ఇస్తారా అని మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఇస్తున్నాం అని చెప్పారు, అంతే.

మొదటిసారి సర్వేవాళ్లు కొలతకు వచ్చినప్పుడు ఊరూ పల్లె ఉన్నపళంగా లేచి చేలకు పరిగెత్తాయి. మిషన్లు పట్టుకొచ్చిన వాళ్లు మమ్మల్ని చూసి వెనక్కి తిరిగారు. పోలీసులు వచ్చేసరికి అంతా అయిపోయింది. కాని మధ్యాహ్నానికి మా గుంపు కూడా సగమైపోయింది. ఎండకు తాళలేక, ఆకలికి తాళలేక ఒక్కొక్కరే ఇళ్ల దారి పట్టారు. ఆ మర్నాడు మస్తానమ్మ అందరినీ కడిగేసింది. ఆమె ఊళ్లో రైతు, మొగుడు పోయాక తనే సేద్యం చేసుకుంటున్న మనిషి.

"ఎవరి సద్ది వాళ్లు తెచ్చుకుంటే ఇట్లనే ఉంటాది. సద్ది అయిపోతానే లేస్తారు. ఒక పొయ్యి మీద ఉడికితే ఎవరూ లెయ్యరు. గుండిగ తీయండి" అంది.

గుండిగ అంటే రామాలయం గదిలో ఉండే ఊరి గుండిగ. ఇత్తడిది, ఊరందరికీ ఒకేసారి ఉడికేంత పెద్దది. చెవులకు తాడు కట్టి, బొంగు దూర్చి ఇద్దరు మోయాలి. పెళ్లిళ్లకూ తిరనాళ్లకూ తీస్తారు. అందులో ఉడికింది మా పల్లె ఎప్పుడూ తినలేదని కాదు. తిన్నాం, అందరూ తిని ఆకులెత్తాక. ఆ ఎండాకాలం మాత్రం బొంగు ఒక కొస కమిటీ పెద్ద చంద్రమౌళి భుజం మీద ఉంటే, ఇంకో కొస నా మొగుడి భుజం మీద ఉంది. అది చూసిన మా మామ ఆ రోజు రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు.

ఇత్తడికి చిలుము పడుతుంది. ముందు రోజు సాయంత్రమే చింతపండూ ఇసకా పెట్టి తోమకపోతే అందులో పప్పుచారు కాచడానికి లేదు. పంపు ఉండేది నీళ్ల ట్యాంకు కింద. అందుకని మర్నాడు చేలో కూర్చోవాలని అనుకున్నప్పుడల్లా, ముందు రోజు పొద్దు వాలేవేళకు గుండిగ ట్యాంకు కిందికి వచ్చేది. నేనూ మస్తానమ్మా కొంగులు బిగించి చెరో పక్కన కూర్చుని తోమేవాళ్లం. అప్పటిదాకా ఆమెను అమ్మా అనే పిలిచేదాన్ని. ఒక సాయంత్రం తోముతూ తోముతూ అక్కా అనేశాను. అని, నాలిక కరుచుకున్నాను. ఆమె తలెత్తలేదు.

"ఆ చెవి కింద పచ్చగా ఉండాది చూడు, సరిగ్గా తోము మే" అంది.

ట్యాంకు మీద కెమెరా ఉన్న సంగతి మాకు తెలియక కాదు. దొంగల భయం ఉండదని చెప్పి పోలీసులే దగ్గరుండి బిగించారు. మా ఊరికొస్తే దొంగే జాలిపడి ఏదో ఒకటి పెట్టిపోవాలి. అయినా బిగించిన రోజు కొబ్బరికాయ కొట్టారు. చంద్రమౌళి మాత్రం ఎప్పుడూ చెప్పేవాడు, దానికి కళ్లే గాని చెవుల్లేవు, దాని ముందర ఏమీ మాట్లాడబాకండి అని. మేమూ మాట్లాడలేదు. ఏ మాటైనా సరుగుడు తోపులోనే. అక్కడికి వెళ్లేటప్పుడు ఫోన్లు ఇళ్లలో బియ్యం డబ్బాల్లో పెట్టి వెళ్లేవాళ్లం. అంత జాగ్రత్తగా ఉన్నాం.

ఉండీ ఏం లాభం? రెండోసారి మేం చేలకు వెళ్లేసరికి పోలీసులు మాకంటే ముందే ఉన్నారు. మూడోసారీ అంతే. ఆ మూడోసారి అందరినీ వ్యాన్లలో ఎక్కించి, రోడ్డు పక్కన ఒక కల్యాణ మండపం ఆవరణలో ఎండలో కూర్చోబెట్టారు.

మధ్యాహ్నం దాటాక ఎస్సై వచ్చాడు. మా వరసల మధ్య తిరిగి తిరిగి మా మామ దగ్గర ఆగాడు.

"పెద్దాయనా, నువ్వు ఈ ఎండలో ఎందుకు? లే" అన్నాడు.

నీడలో కుర్చీ వేయించాడు. టీ తెప్పించాడు. అందరికీ పొయ్యండి సారూ, అప్పుడు తాగుతా అని మా మామ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ మాట పక్కనున్న నాకు వినపడింది గాని, దూరాన ఎండలో ఉన్న వాళ్లకు కుర్చీ కనపడింది, గ్లాసు కనపడింది. సాయంత్రం మమ్మల్నందరినీ నడిచి పొమ్మన్నారు. మా మామను మాత్రం ఎస్సై తన జీపు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, ఊరి నడివీధి గుండా తీసుకొచ్చి, ట్యాంకు దగ్గర దించి, భుజం మీద చెయ్యి వేసి మాట్లాడి వెళ్లాడు. ముసలాయన్ని నడిపించలేదు కదా అని, ఆయన్ని దించి తిరిగొస్తూ ఎదురైన ఆ జీపుకు నేను రోడ్డు మీద నిలబడి దణ్ణం పెట్టాను, పిచ్చిమొహాన్ని.

ఆ వారం లోపలే పోలేరమ్మ రాయి ముందు అందరినీ పిలిచారు.

"మాట బయటికి పోతా ఉంది. ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడు. ఆ యమ్మే పట్టాల. ఇంటికొకరు వచ్చి కర్పూరం ఆర్పండి" అన్నాడు చంద్రమౌళి.

పళ్లెంలో కర్పూరం వెలిగించి పెట్టారు. ఇంటి పెద్ద వచ్చి, నా ఇంటి నుంచి మాట పోలేదని చెప్పి, అరచేత్తో మంట ఆర్పాలి. అబద్ధమైతే ఏడాది తిరక్కుండా ఆ ఇంటి దీపం ఆరుతుందని నమ్మకం. ఊరి వాళ్లు ఆర్పారు. మా పల్లె వాళ్లు కూడా వరసగా ఆర్పారు. ప్రభువుకు తర్వాత చెప్పుకుందాంలే అనుకున్నారు. మా మామ వంతు వచ్చింది. ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఒట్టు పెట్టేది మాకు లేదు నాయనా. అవునంటే అవును. కాదంటే కాదు. నేను చెప్పలేదు."

"మీ వాళ్లందరూ ఆర్పినారు గదా ఆదెయ్యా."

"అది వాళ్లిష్టం."

నాకు ఒళ్లు మండిపోయింది. "నేను ఆర్పుతా. ఒకటి గాదు, వంద ఆర్పుతా" అని ముందుకు వచ్చాను. మస్తానమ్మ అడ్డం చెయ్యి పెట్టింది.

"ఇంటి పెద్ద ఉండగా నువ్వార్పితే చెల్లదు మే" అంది. ఆ చెప్పడంలో కోపం లేదు. నా కళ్లలోకి మాత్రం చూడలేదు.

ఇంటికొచ్చాక నేను నోరు చేసుకున్నాను. "మీ మొండితనానికి నా కొంపే దొరికిందా? ఒకసారి చెయ్యి పెడితే ఏం పోయింది? కాలితే నేను కొబ్బరినూనె రాయనా?"

"చెయ్యి కోసం గాదమ్మా" అన్నాడు మామ. "ఒట్టు పెడితేనే నమ్మేటట్టయితే, ఇన్నాళ్లూ నేను చెప్పిన మాటలన్నీ ఏంది?"

జవాబు లేనప్పుడు నేను గిన్నెలు గట్టిగా పెడతాను. అదే చేశాను.

తర్వాత మమ్మల్ని ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది, బదులు చెప్పడం నాకు వచ్చు. నేను పంపు దగ్గరికి వెళితే మాటలు ఆగిపోయేవి. తిమోతి బొంగు ఎత్తబోతే అక్కడ వేరే భుజం ఉండేది. తోపులోకి మమ్మల్ని పిలవడం మానేశారు. మాకు చెప్పకుండానే ఇంకోసారి గుండిగ తీశారు, చేలకు వెళ్లారు. అప్పుడూ పోలీసులు ముందే ఉన్నారు. అప్పుడైనా మా మీద అనుమానం పోవాలి కదా? పోలేదు. ఎట్లనో విని ఉంటారులే అన్నారు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు పెద్దవాళ్లు.

"ఊరే మనల్ని వద్దన్నాక ఇంకెవరి కోసం నాయనా ఇదంతా? సంతకం పెట్టి భూమి ఇచ్చేద్దాం" అన్నాడు తిమోతి ఒకరోజు అన్నం ముందు.

"ఊరు వద్దనింది గాని చేను వద్దనలేదు గదరా" అన్నాడు మామ.

రోహిణి ఎండల్లో మా ఇంటికి నోటీసు వచ్చింది. ఇక గొడవల్లోకి వెళ్లనని ఆదెయ్య మండలాఫీసుకు వచ్చి రాసివ్వాలట. నేనే వెంట వెళ్లాను. మామ లోపల బల్ల మీద కూర్చుని ఉంటే, నేను బయట రేకుల నీడలో నిలబడ్డాను. అక్కడ హజరత్తయ్య అనే కానిస్టేబులు సాయంత్రం కావస్తుండగా అన్నం డబ్బా విప్పుకుని తింటున్నాడు. చేల దగ్గర పోలీసుల్లో ప్రతిసారీ ఉండే మనిషే. నన్ను గుర్తుపట్టి నవ్వాడు.

"మొగలిదిబ్బే గదా మే నీది? ఇప్పుడే ఫోనొచ్చింది, మీ గుండిగ బయటికొచ్చిందంట. రేపు మళ్లా మాకు నిద్ర లేదు."

నేను ఒక అడుగు దగ్గరికి జరిగాను. "ఎవరు చెప్పినారన్నా?"

"చెప్పేదెవరు? ట్యాంకు మీద ఉండాది గదా. స్టేషన్లో టీవీలో కనపడతా ఉంటాది. మీ ఆడోళ్లు గుండిగ తోముతారు, మేము బండికి డీజిలు పోయిస్తాము. మీ ఊరికి వేరే ఇన్ఫార్మరు దేనికి?"

"మరి మా మామను జీపులో కూర్చోబెట్టుకుని తెచ్చినారే, అదెందుకు?"

"అది మా సారు అలవాటు. ఏ ఊరికి పోయినా ఒకర్ని ముందు సీట్లో కూర్చోబెడతాడు. మిగతా పని ఊరే చేసుకుంటాది." మజ్జిగ తాగి డబ్బా మూత పెట్టుకున్నాడు.

రాసివ్వకుండానే బయటికొచ్చిన మామకు బస్సులో చెప్పాను. గుండిగనా అని రెండుసార్లు అడిగాడు. నాకైతే ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. నేనే తోమాను కదా దాన్ని, చెవుల కింద కూడా పచ్చదనం లేకుండా. కాని లోలోపల సంతోషంగానే ఉంది. ఇక మామ పేరు తుడుచుకుపోతుంది, అంతా తెలిసిపోయింది, చెబితే చాలు అనుకున్నాను.

బస్సు దిగేసరికి పొద్దు వాలుతోంది. ట్యాంకు కింద మస్తానమ్మ గుండిగ తోముతోంది. నా చోట ఇంకొకామె కూర్చుని ఉంది. చంద్రమౌళి, ఇంకొందరు మగవాళ్లు బొంగు పట్టుకుని నిలబడ్డారు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లాను.

"అక్కా, ఆపక్కా. వాళ్లు మన మాటలు వినలేదు, గుండిగను చూస్తా ఉండారు. ఇది తోమితే చాలు, వాళ్లు బయల్దేరతారు. ఎవరూ చెప్పలేదక్కా. మనమే చూపించినాము."

మస్తానమ్మ చెయ్యి ఆగింది. "నీకెవరు చెప్పినారు?"

"హజరత్తయ్యని, స్టేషన్లో కానిస్టేబులు."

ఆ మాట నోరు దాటాక గాని నేనేం చేశానో నాకు తెలియలేదు. బొంగు పట్టుకున్న వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"మాకెవరికీ చెప్పని కానిస్టేబులు నీకెందుకు చెప్పినాడు నవోమీ?" అన్నాడు చంద్రమౌళి. గొంతు పెంచలేదు. "ఊరూ పల్లె ఒక గుండిగలో తింటా ఉంటే వాళ్లకు కడుపుమంట. దాన్ని మాన్పించాలని నీ నోట్లో ఈ మాట పెట్టి పంపినారు. మానుకుంటే రేపు మధ్యాహ్నానికి ఎవరి కొంపకు వాళ్లు పోతాము. వాళ్లకు కావాల్సింది అదే గదా."

ఆయన చెప్పింది తప్పని ఎలా అనను? ఆయన చోట నేనుంటే నేనూ అదే అనేదాన్నేమో. అదే నన్ను ఇంకా కోస్తోంది.

వెనకాలే నడుచుకుంటూ వచ్చిన మామ అంతా విన్నాడు. పక్కనున్న బంకు కొట్టులో కర్పూరం బిళ్లలు అడిగి తీసుకుని, ట్యాంకుకు ఎదురుగా ఉన్న పోలేరమ్మ రాయి దగ్గరికి వెళ్లాడు. ఆయన ఏం చేయబోతున్నాడో నాకు అర్థమై చెయ్యి పట్టుకున్నాను.

"మామా, వద్దు" అన్నాను. ఏ పని చెయ్యమని ఇంట్లో గిన్నెలు మోగించానో, ఆ పనే వద్దన్నాను.

"నా పేరు కోసం గాదులే అమ్మా. రేపు పొద్దున అంతమంది పోతారు గదా" అన్నాడు.

అగ్గిపుల్ల గీశాడు. "పోలేరమ్మ మీద ఒట్టు. నా ఇంటి నుంచి మాట పోలేదు. నా కోడలు చెప్పింది నిజం. ఆ గుండిగ ఎత్తి లోపల పెట్టండి" అని మంట మీద అరచెయ్యి పెట్టాడు.

అలవాటున్న వాళ్లు చటుక్కున తట్టి తీసేస్తారు. ఆయనకు ఆ పద్ధతి తెలియదు. మంట ఆరేదాకా చెయ్యి అలాగే పెట్టి ఉంచాడు. చర్మం కాలిన వాసన నాకు వచ్చింది.

"ఆ పొద్దు అడిగితే మాకు లేదంటివి" అన్నాడు చంద్రమౌళి. "ఈ పొద్దు యాడి నుంచి వచ్చింది ఆదెయ్యా ఈ ఒట్టు?"

మస్తానమ్మ ఒకసారి తలెత్తి ట్యాంకు పైకి చూసింది. మళ్లీ తల దించి, చింతపండు పిసికి, తోమడం మొదలుపెట్టింది.

మర్నాడు పొద్దున ఊరంతా చేలకు వెళ్లింది. పోలీసులు అక్కడే నిలబడి ఉన్నారు, ఈసారి ఆడపోలీసులు కూడా. పొయ్యి మీద ఉన్న గుండిగను ఎవరో బూటు కాలితో తన్నారు. పప్పుచారంతా ఇసకలోకి ఇంకిపోయింది. చంద్రమౌళినీ ఇంకొందరినీ కేసు పెట్టి తీసుకుపోయారు. సాయంత్రానికి హద్దురాళ్లు పాతేశారు, ఊరి మాగాణుల్లోనూ మా ఇసక చేలోనూ. నిన్న ఆపమని చెప్పింది, ఈ పొద్దు ఇట్లయింది, చూసినారా అన్నారు మా గురించి. ఆ మాట మా పల్లెలో వాళ్లే ముందు అన్నారు.

తొలకరి పడ్డాక ఒకరోజు రేషన్ షాపు దగ్గర మస్తానమ్మ నా వెనక నిలబడింది. మా ముందూ వెనకా ఎవరూ లేని సమయం చూసి, మెల్లగా అంది.

"ఆ పొద్దు నేను తలెత్తి చూసినా మే. ఆ కెమెరా నేరుగా నా చేతుల మీదికే చూస్తా ఉండింది."

"తెలిసి కూడా చెప్పలేదేందమ్మా?" అన్నాను. అక్కా అని నోరు తిరగలేదు.

"చెప్తే నన్నూ ఆర్పమంటారు. ఆర్పినా నమ్మరు. మీ మామ ఆర్పితే నమ్మినారా?"

ఆమె వంతు రాకుండానే సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ట్యాంకు కింద నుంచి పోకుండా, చుట్టూ తిరిగి వెనక సందులో పోయింది. ఇప్పుడు ఊళ్లో అందరూ అలాగే పోతున్నారు. గుండిగ సొట్టపడి రామాలయం గదిలో ఉందట. మళ్లీ ఎవరూ తీయలేదు. తిమోతి గూడూరులో లారీ షెడ్డులో పనికి కుదిరాడు.

మా చర్చిలో నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఇస్తారు, యేసు పేరున రొట్టె, ద్రాక్షరసం. తప్పు చేశామనుకున్న వాళ్లు దాన్ని ముట్టరు. రొట్టె పళ్లెం పట్టుకుని వరసల్లో తిరిగేది ఎప్పుడూ మా మామే, సంఘపెద్ద కాబట్టి. ఆ ఎండాకాలం తర్వాత ఆయన పళ్లెం పట్టలేదు. గుమ్మం దగ్గర ఆఖరి చాప మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. పాస్టరుగారు ఇంటికి వచ్చి మరీ చెప్పారు, దేవుడు మనసు చూస్తాడు ఆదెయ్యగారూ, ఊరి మంచి కోసమే గదా చేసినారు అని.

"మంచి జరిగి ఉంటే తినేవాణ్ని అయ్యగారూ" అన్నాడు మామ. "ఒక్కరు నమ్మి ఉన్నా తినేవాణ్ని."

పోయిన ఆదివారం ఆయన పక్కనే నేను కూర్చున్నాను. రొట్టె వచ్చింది, తీసుకోకుండా నా వైపు జరిపాడు. ద్రాక్షరసం గిన్నె వచ్చింది. రెండు చేతులతో అందుకుని కాసేపు పట్టుకున్నాడు. కాలిన అరచెయ్యి నడుమ చర్మం తెల్లగా, నున్నగా ఉంది. తల వంచి, గిన్నె నా చేతుల్లో పెట్టాడు.

నేను తాగాను. ఇంటికి నడిచి వస్తుంటే వాన మొదలైంది. ఆయన గొడుగు లేకుండా ముందు నడుస్తున్నాడు. ఆ ఆదివారం నేను ఆయనతో పోట్లాడలేదు.